షట్టర్ వెనక మేనమామ

మా అత్తగారి ఇల్లు పాల్వంచలో, భద్రాచలం పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. నేను ఆంధ్ర సరిహద్దున ఉన్న మధిర వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లేసరికి మా మామయ్య ఒక పాత జీపు కొని, దానికోసం ఇంటి పక్కనే షెడ్డు కట్టించి ఉన్నాడు. ఎనభైల చివరి రోజులవి. ఆ వీధిలో జీపున్న ఇల్లు మాదొక్కటే. అయినా ఇంటికొచ్చిన వాళ్లకి మామయ్య ముందుగా చూపించేది జీపును కాదు, షెడ్డుకు పెట్టించిన ఇనప షట్టర్‌ని. అప్పటిదాకా అలాంటివి బజార్లో బట్టల కొట్లకీ, మందుల షాపులకీ చూడడమే తప్ప ఇంటికి పెట్టించుకున్నవాళ్లు లేరు. పొద్దున్నే ఆయన దాన్ని పైకి తోస్తే గడగడమని ఉరిమినట్టయ్యేది. ఆ చప్పుడు విని పిల్లల్ని బడికి లేపేవాళ్లు వీధిలో.

షెడ్డులోకి పోవాలన్నా రావాలన్నా ఆ షట్టర్ ఒక్కటే దారి. వెనక గోడకి బాగా పైన చిన్న జాలీ కిటికీ ఉండేది, పిల్లి కూడా దూరదు.

నా పెళ్లయిన మొదటి వేసవిలో భద్రాచలంలో మామయ్య చెల్లెలి కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సిన మేనమామ ఆయనే. ఆ గంప కూడా ఆయనే ఏరికోరి అల్లించాడు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందురోజు సాయంత్రమే జీపులో వెనక పెట్టేశాడు. దాని పక్కన లడ్డూల బుట్టలు. పెళ్లికి లడ్డూలు కూడా మా ఇంటి నుంచే పోవాలి.

మా ఆయనకు ఆ రోజు కరెంటు ప్లాంటులో పొద్దుటి షిఫ్టు. డ్యూటీ దిగి బస్సులో నేరుగా పెళ్లికి వస్తానని చెప్పి తెల్లవారగానే వెళ్లిపోయాడు. అత్తమ్మ, నేను పట్టుచీరలు కట్టుకుని పూలు పెట్టుకుంటున్నాం. మామయ్య కొత్త పంచె కట్టి, జీపులో నీళ్లూ ఆయిలూ చూసొస్తానని షెడ్డులోకి పోయాడు. లడ్డూల వాసనకి వీధి మేకలు రెండు ఆయన వెంటే లోపలికి దూరబోతే, వాటిని తరిమి, మళ్లీ రాకుండా లోపలి నుంచి షట్టర్ కిందికి లాగాడు.

అది ఎప్పటిలా దిగలేదు. ధడేలుమని పడింది. ఇల్లు అదిరింది. మేమిద్దరం పరుగెత్తుకొచ్చి చూస్తే షట్టర్ ఒరిగిపోయి, నేలకు జానెడు ఎత్తున ఆగిపోయి ఉంది. ఆ సందులోంచి మామయ్య పాదాలు కనిపిస్తున్నాయి.

"ఏమయ్యా, దెబ్బ తాకిందా?" అని అరిచింది అత్తమ్మ.

"నాకేం కాలే. ఇది లేస్తలేదే!"

లోపల ఆయన లాగుతున్నాడు. ఇనుము కిర్రుమంటోంది గాని కదలడం లేదు. అప్పుడే నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తున్న పక్కింటాయన చప్పుడు విని ఆగాడు. బలమైన మనిషి. సైకిల్ గోడకు ఆనించి, "ఉండు బావా, ఒక్క ఊపుల లేపుత," అని షట్టర్ కింది పట్టీ మధ్యలో చేతులేసి ఒక్క గుంజు గుంజాడు. షట్టర్ ఇంకాస్త ఒరిగింది. నిచ్చెన తెచ్చి పైన షట్టర్ చుట్టుకునే డబ్బా విప్పి స్ప్రింగు చూస్తానన్నాడు.

"దాని జోలికి పోకు తమ్మీ," అంది అత్తమ్మ. "ఆ స్ప్రింగు బిగవట్టి ఉంటది. జారిందంటే చెయ్యి ఇరుగుతది. షట్టర్ ఆయన వచ్చినంకనే దాన్ని ముట్టాలె."

షట్టర్ బిగించిన మేస్త్రీ ఉండేది మా బజార్లోనే. పక్కింటాయన సైకిలెక్కి పోయి కనుక్కొచ్చాడు. ఆయన కూడా ఏదో పెళ్లికి అశ్వారావుపేట పోయాడట. ఆ రోజు ఊరూరా పెళ్లిళ్లే.

లోపలి నుంచి మామయ్య గొంతు కంగారుగా వచ్చింది. "మేనమామ లేకుండ పిల్లని ఎవరు మోస్తరే? ముహూర్తం దాటితే మా చెల్లె జన్మల మాట్లాడదు. జీపు స్టార్ట్ జేసి గుద్దుకుంటనే వస్త, జరగండి!"

"గట్ల జేసినవంటే నువ్వుండవు, జీపుండదు. పొగకే పడిపోతవ్. నిమ్మళంగ కూసో. ఛాయ్ తాగుతవా?" అంది అత్తమ్మ.

"అవ్," అన్నాడు మామయ్య.

నేను పోయి టీ పెట్టుకొచ్చి, గ్లాసుని సాసర్లో పెట్టి సందులోంచి లోపలికి తోశాను. ఆయన చెయ్యి వచ్చి అందుకుంది. అంతలో లోపల బుట్ట మూత తీసిన చప్పుడైంది. అత్తమ్మ చెవి ఆనించి విని, "లడ్డు తింటున్నవా?" అంది.

"లే," అన్నాడాయన. నోటి నిండా ఏదో పెట్టుకుని అన్న "లే" అది. నాకు నవ్వొచ్చింది. కొత్త కోడల్ని కదా, కొంగు అడ్డం పెట్టుకున్నాను. అత్తమ్మ నా వైపు చూసి తనూ నవ్వేసింది. నిజానికి అప్పటిదాకా ఆవిడంటే నాకు భయం. మాట తక్కువ మనిషి. నా మధిర మాట ఆవిడకి నచ్చదేమోనని వంటింట్లో కూడా ఆచితూచి మాట్లాడేదాన్ని.

షట్టర్ బిగించిన రోజుల్లో ఆవిడ మేస్త్రీ పక్కనే నిలబడి ఇదేంది, అదెందుకని అడుగుతూ అంతా చూసిందట. ఇప్పుడు పట్టుచీర కొంగు నడుముకి బిగించి, షట్టర్‌కి ఆ కొసన ఒకసారి, ఈ కొసన ఒకసారి వంగి చూసింది. షట్టర్ రెండు పక్కలా గోడకి నిలువుగా ఇనప గాడులుంటాయి. రేకు పట్టీల చివరలు ఆ గాడుల్లోనే పైకీ కిందికీ జారాలి. ఎడమ గాడి మీద ఆవిడ చెయ్యి పెట్టి కింది నుంచి పైకి పాముకుంటూ పోయి నడుమెత్తున ఆపింది.

"ఇగో, ఇక్కడ వంగింది. మొన్న కట్టెలు తెచ్చిన బండి ఇరుసు తాకినట్టుంది. ఒక పట్టీ గాడిల నుంచి బయటికొచ్చి అడ్డం పడ్డది. మీరు పైకి గుంజేకొద్ది అది ఇంకింత ఇరుకుతాంది."

"మరేం చెయ్యాలక్కా?" అన్నాడు పక్కింటాయన.

"ముందు గుంజుడు ఆపాలె."

ఆ గాడిలో వంకర ఒక్కటే కాదు. మామయ్య ప్రేమకొద్దీ నెల నెలా గ్రీజు పూసేవాడు. లారీలు లేపే రోడ్డు దుమ్మంతా దానికి అంటుకుని బంకమట్టిలా గట్టిపడింది. పట్టీ తగలని మూలలో కందిరీగ ఒకటి శుభ్రంగా మట్టిగూడు కట్టుకుంది. అత్తమ్మ వేలు ఆ సందులో పట్టలేదు. నా చేతి వైపు చూసింది.

"నీ చెయ్యి సన్నగుంది బిడ్డా. చీర ఖరాబైతదేమో?"

"పర్లేదత్తమ్మా," అని గాజులు పైకి ఎగదోసుకున్నాను.

పాతగుడ్డ కిరోసిన్‌లో ముంచి, కొబ్బరి ఈనెకి చుట్టి గాడిలో రుద్దుతుంటే నల్లటి ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది. కందిరీగ గూడు పొడి పొడి అయి రాలింది. లోపల మామయ్య కూడా మరో గుడ్డతో తన వైపు రుద్దుతున్నాడు. "కోడలా, కొంచెం మీదికి. ఆఁ, అక్కడ్నే," అని ఆయన, "ఇటు కూడా ఉంది మామయ్యా," అని నేను. ఇనప గోడకి ఆ పక్క ఈ పక్క నిలబడి మాట్లాడుకున్నన్ని మాటలు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాత వంకర తియ్యాలి. మామయ్య లోపలి నుంచి టైరు విప్పే ఇనప కడ్డీని గాడి అంచుకి ఆనించి పట్టుకున్నాడు. బయట పక్కింటాయన కర్రముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాడు. నేరుగా కొడితే ఇనుము ఇంకోచోట సొట్టపోతుందని అత్తమ్మే కర్ర పెట్టమంది. మెల్లగా కొడుతూ, ఆగి చూస్తూ, మళ్లీ కొడుతూ అంచు సరిచేశారు. నిజంగా సరయిందో లేదో అత్తమ్మ ఒక అట్టముక్క గాడిలో పెట్టి పైనుంచి కిందికి జార్చి చూసింది. ఎక్కడా తట్టుకోలేదు.

"ఇగ చూడు," అంది షట్టర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, "ఇప్పుడు దీన్ని మొత్తం కిందికి దించాలె."

"కిందికా? ఉన్న జానెడు సందు గూడ మూస్తవా? నీకేమన్న అయిందానే?"

"బయటికొచ్చిన పట్టీ కిందికి దిగితేనే మళ్ల గాడిల పడతది. పడ్డంక లేపుదాం."

"లేవకపోతే?"

"లేస్తది."

"లేవకపోతే ఏందని అడుగుతున్న!"

అత్తమ్మ సందు దగ్గరికి వంగి, వీధికి వినపడకుండా, కానీ నాకు వినపడేలా అంది: "ఇన్నేండ్ల సంది నా చేతి తిండి తింటున్నవ్. ఒక్కపారి నా మాట మీద తలుపు మూసుకోలేవా?"

లోపల ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే. మూయ్."

నేనూ అత్తమ్మా ఎడమ కొసన, పక్కింటాయన కుడి కొసన నిలబడి షట్టర్‌ని ముందు సమంగా చేసి, ఒక్కసారే మెల్లగా కిందికి అదిమాం. వంగిన చోట ఒకసారి ఆగింది. అత్తమ్మ అరచేత్తో ఆ పట్టీని లోపలికి నొక్కింది. టక్కుమని గాడిలో పడింది. షట్టర్ నేలని తాకింది. మామయ్య పాదాలు కనపడకుండా పోయాయి.

"లోపల ఉన్నవా?" అంది అత్తమ్మ.

"ఇంకెక్కడికి పోత!"

"రెండు కొసలు ఒక్కతీరుగ లేపాలె. ఎవ్వరు నడుమ పట్టొద్దు. ఊఁ!"

లేపాం. మహా బరువు. పైన స్ప్రింగు ఏదో పని మానేసిందని అందరికీ తెలుస్తూనే ఉంది. కానీ ఎక్కడా ఇరుక్కోకుండా లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు, ఛాతీ ఎత్తు. ఈలోపు వీధిలో వాళ్లు గుంజలు తెచ్చి రెండు పక్కలా ఊతం పెట్టారు. మామయ్య వంగి బయటికొచ్చాడు. కొత్త పంచె మీద గ్రీజు, మీసానికి లడ్డూ పలుకు. వీధంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వి, మళ్లీ గబగబా లోపలికి పోయి జీపు టాపు మడిచి, ముందద్దం బానెట్ మీదికి వాల్చాడు. ఇంజన్ వెయ్యకుండా తలా ఒక చెయ్యీ వేసి జీపుని బయటికి తోశాం. మడిచిన టాపు షట్టర్ అంచుకి వెంట్రుకవాసిలో తప్పింది.

జల్దీ జల్దీ అంటూ అందరం ఎక్కాం. పక్కింటాయన నిద్ర మానుకుని, ఉన్న బట్టలతోనే లడ్డూల బుట్ట పట్టుకుని వెనక కూర్చున్నాడు. అడవి దారంతా టాపు లేని జీపులో గాలికి నా పూలు ఎగిరిపోయాయి. గోదావరి బ్రిడ్జి దాటుతుంటే అత్తమ్మ మామయ్య మీసం తుడిచి, "ఇప్పుడు మేనమామ లెక్కున్నవ్," అంది.

మండపం దగ్గర చిన్నమ్మ, అంటే మామయ్య చెల్లెలు, వీధి చివరిదాకా ఎదురొచ్చి నిలబడి ఉంది. తిట్టడానికి నోరు తెరిచి, అన్న పంచె చూసి నవ్వొచ్చి నోట్లో కొంగు కుక్కుకుంది. గంపలో పెళ్లికూతుర్ని మోసుకొస్తుంటే ఆ పిల్ల తలొంచుకుని అడిగింది, "మామయ్యా, కిరోసిన్ వాసనేంది?"

"సెంటు బిడ్డా. కొత్తది," అన్నాడాయన.

తర్వాత మేస్త్రీ వచ్చి చూశాడు. పైన ఒక స్ప్రింగు తెగిందట, అందుకే అంత బరువుగా పడింది. కొత్తది వేసి, గాడుల్లో గ్రీజు పూయొద్దనీ, నెలకోసారి కిరోసిన్ గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే చాలనీ చెప్పాడు. ఆ పని అత్తమ్మా నేనూ పంచుకున్నాం. ఆవిడ కుడి గాడి, నేను ఎడమ గాడి. ఆ పూట మాత్రం మా ఇద్దరికీ మాటలు ఆగేవి కావు. ఆవిడ చిన్నప్పుడు అడవి అంచు పల్లెలో ఇప్పపూలు ఏరిన సంగతి, మామయ్య పెళ్లిచూపులకొచ్చి బురదలో జారిపడ్డ సంగతి నేను విన్నది అక్కడే.

శీతాకాలంలో ఒక రోజు అట్లాగే తుడుస్తుంటే కిరోసిన్ వాసనకి నాకు కడుపులో తిప్పింది. ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తాను. మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నా చేతిలో గుడ్డ తీసుకుని, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఇంట్లోకి కేకేసింది.

"ఏమయ్యా! ఇటు రా. ఇయ్యాల్టి సంది ఎడమ గాడి నీదే."