దాపలకి తిరిగిన చక్రం

దయ్యాలంటే నాకు మొదటినుంచీ మర్యాద లేదు. కావలిలో దయ్యం తిరుగుతోందని అందరూ వదిలేసిన ఇంట్లో ఆరేళ్లు కాపురం చేశాను. అన్నేళ్లలో నన్ను భయపెట్టినవి ఎలుకలు మాత్రమే, అవి కూడా కుందేళ్లంత ఉండేవి కాబట్టి. ఉన్నదానికి నాలుగు రెట్లు చేర్చి చెప్పడం నా అలవాటు. ఈ ఒక్క సంగతికి మాత్రం ఏదీ చేర్చే ధైర్యం చాలలేదు.

మస్తాన్ మా అక్క కరీమూన్ భర్త. పొలాల మోటార్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు మాది. అందులో పని ఆయనది, మాటలు నావి.

రెండేళ్ల కిందట తుమ్మలపెంట వైపు నుంచి పెంచలరెడ్డి గారనే రైతు వచ్చారు. వాళ్ల తాతగారి లాంచీ ఒకటి కాలవ ఒడ్డున సరుగుడు తోపులో పడి ఉంది. పూర్వం ఉప్పూ కట్టెలూ మోసిన చెక్క లాంచీ. దాన్ని మళ్లీ నీళ్లలో తిప్పాలని ఆయన కోరిక.

ఇంజను చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఒకే సిలిండరు, దానికి నా పెళ్లి పందిరంత ఫ్లైవీలు. దాని నెత్తిన ఇనప గుండు ఒకటి ఉంటుంది. దాన్ని బ్లోలాంపుతో ఎర్రగా కాల్చి, చక్రం చేత్తో తిప్పితే రగులుకోవాలి. మా బావ మాత్రం దాన్ని పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చూశాడు.

పద్నాలుగు నెలలు పట్టింది. ఏ విడిభాగమూ ఎక్కడా దొరకదు. గూడూరు పాత ఇనుము కొట్లలో ఏరుకొచ్చిన ముక్కల్ని లేతు మీద చెక్కి, ఆకురాయితో అరగదీసి, ఒక్కొక్కటే తయారుచేశాడు. అంతా బిగించి, ఇక ఆదివారం స్టార్ట్ చేద్దామనుకున్నాం. గురువారం ఉదయం టీ తాగుతూ తాగుతూ కుప్పకూలాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది.

పూర్తిగా పోలేదు. ఒక్క మాట మిగిలింది. "దాపల."

అడిగినదానికీ, అడగనిదానికీ అదే. నాగలికి కట్టిన జతలో ఎడమ పక్క ఎద్దును దాపటిదంటారని ఎవరో చెబితే, ఎడమకు ఏదో కావాలనుకున్నాం. అక్క దిండు ఎడమకు జరిపింది. మంచం ఎడమకు తిప్పింది. నేను గడియారాన్ని కుడి గోడ మీంచి ఎడమ గోడకు మార్చాను. ఇంకో వారం గడిస్తే వీధి గుమ్మం కూడా మార్చేవాళ్లమే. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ అదే మాట అనేవాడు.

తరవాత తిండి మానేశాడు. ముద్ద నోటి దాకా తీసుకెళితే పళ్లు బిగించేవాడు. మింగగలడు, మింగాలనే ఆశ లేదు, అది మందుల్లో దొరకదు అన్నారు డాక్టరు గారు.

అందుకని నాకు చేతనైన పని మొదలుపెట్టాను. ఇంజను దగ్గింది బావా అన్నాను. నాలుగు ముద్దలు తిన్నాడు. మర్నాడు పొగ వదిలిందన్నాను, ఆరు తిన్నాడు. వారం తిరిగేసరికి నా నోట్లో ఆ ఇంజను పది నిమిషాలు ఆడింది, తోపులో కొంగలన్నీ లేచిపోయాయి, సముద్రం ఒక అడుగు వెనక్కి తగ్గింది.

అసలు ఇంజను బండరాయిలా కూర్చుని ఉంది. రోజూ వెళ్లి గుండు కాల్చేవాణ్ణి. కూలివాళ్లిద్దరూ నేనూ కలిసి చక్రం తిప్పేవాళ్లం. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నలభయ్యో రోజుకు నా కబుర్లు పనిచేయడం మానేశాయి. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ దిగలేదు. అక్క నన్ను వరండాలోకి పిలిచింది.

"నువ్వు చెప్పేది అబద్ధమని ఆయనకి తెలిసిపోతా ఉందిరా. నిజంగా ఆడించు. ఆడితే తింటాడు. లేకుంటే నా మనిషి నాకు దక్కడు."

అదే వారం ఇంకో దెబ్బ. కాలవ వెడల్పు చేస్తున్నారు, శుక్రవారానికి గట్టు ఖాళీ చేయాలన్నారు. ఇంజను ఆడకుంటే నీళ్లలోకి దించినా లాంచీ అక్కణ్ణుంచి కదలదు, విరగ్గొట్టడమే అని పెంచలరెడ్డి గారు తల వంచుకుని చెప్పారు.

గురువారం పొద్దున ఏడింటినుంచి తిప్పుతూనే ఉన్నాం. పదకొండు దాటింది. అరచేతులు బొబ్బలెక్కాయి. యాభై రెండేళ్ల మనిషిని, ఇసకలో కూర్చుని ఏడ్చాను. రెడ్డి గారు పక్కన కూర్చున్నారు. మా బావ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నాడయ్యా అని ఆ మాట చెప్పాను.

ఆయన నావైపు తిరిగారు. "దాపలంటే ఎద్దుల మాట గదా. మీ బావకి ఎద్దులతో ఏం పని?"

"ఆయనకి ఎద్దుకీ బర్రెకీ తేడా తెలీదయ్యా."

ఆయన లేచి వెళ్లి చక్రం మీద చెయ్యి వేశారు. "మా తాత కాడ ఈ లాంచీ నడిపిన సుబ్బయ్య ఆ మాట అనేవాడు. మడక దున్నే మనిషి, ఎడమ అనడం ఎరగడు. దాపలకి పట్టండ్రా అంటేనే చక్రం తిప్పేవాళ్లు. నేను మర్చేపోయినాను."

మాకు తెలిసిన ఇంజన్లన్నీ కుడికి తిరిగేవే. నలభై రోజులుగా దీన్నీ కుడికే తిప్పుతున్నాం. చక్రం మీద బాణం గుర్తు ఉండాల్సిన చోటు తుప్పు తినేసింది.

మళ్లీ గుండు కాల్చాం. ఎడమకు తిప్పాం. రెండోసారికి ధన్ మంది. ఊపిరి బిగబట్టుకున్నంతసేపు ఆగి, మళ్లీ ధన్. ఆ తరవాత ఆగలేదు. ఈసారి కొంగలు నిజంగానే లేచాయి. సముద్రం సంగతి నేను చూడలేదు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. బండి మీద ఇంటికొచ్చాను.

అక్క వాకిట్లో ఖాళీ కంచం కడుగుతోంది. పదకొండున్నర దాటాక ఆయనంతట ఆయనే ఇటు తిరిగి నోరు తెరిచాడట. చేతికి అన్నం అంటుకుని ఉండి ఫోన్ ఎత్తలేదట. నా ఫోన్లో మొదటి కాల్ పదకొండూ నలభై.

లాంచీ శుక్రవారానికి ముందే గట్టు విడిచింది. ఆరోజునుంచి బావ ఆ మాట మళ్లీ అనలేదు. ఇప్పుడు ముప్పై మాటల దాకా వచ్చాయి. దాపల అంటే ఏంటని అడిగితే నన్నే తిరిగి అడిగాడు, "అంటే?" అని.

తర్కం నాకూ వచ్చు. ఇంజను విప్పి బిగించిన మనిషికి అది ఎటు తిరుగుతుందో తెలిసే ఉంటుంది. ఎడమ అనే మాట దొరక్క ఇంకోటి దొరికి ఉంటుంది. కానీ ఆయన బిట్రగుంట రైల్వే కాలనీలో, బొగ్గు పొగలో పెరిగినవాడు. సుబ్బయ్య పోయేనాటికి రెడ్డి గారికే ఏడేళ్లు. మా బావ ఆయనకంటే చిన్న.

సరే, దాన్నీ ఎక్కడో విన్నాడనుకుందాం. అక్క చెప్పిన రెండో సంగతి ఉంది. నోరు తెరవడానికి ముందు బావ మంచం పట్టె మీద చేత్తో కొడుతున్నాడట. ఒక దెబ్బ, ఊపిరంత ఖాళీ, మళ్లీ దెబ్బ.

ఏ చెయ్యి అని అడిగాను. కుడి చెయ్యి అంది.

పెంచి చెప్పడం మా ఇంట్లో నా ఒక్కడి జబ్బు, అక్కకు లేదు. ఆ చెయ్యి అంతకుముందు కదల్లేదు, ఆ తరవాతా కదల్లేదు. ఈ ఉదయం కూడా అక్కే దాన్ని ఎత్తి చొక్కా చేతిలోకి దూర్చింది. పక్కనే కూర్చుని చూశాను. నాకు ఇంతవరకూ ఏమీ తేలలేదు.