వైరు మేడం

వినుకొండ దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ల బాధ్యత నాది. ల్యాబ్‌లోని అరవై తెరలనూ ఒకే సర్వర్ నడపాలి. ‘‘ఎంత ప్రాసెసర్ కావాలయ్యా?’’ అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. మిరప రైతు బిడ్డను కదా, ‘‘సగం మందికి సరిపడా చాలండీ. మా కాలువ కింద అందరూ ఒకేసారి నీళ్లు పెడతారా? వంతులే కదా!’’ అన్నాను.

పరీక్ష రోజు గంట కొట్టగానే అరవై మందీ ఒకేసారి లాగిన్ అయ్యారు. తెరలన్నీ బిగుసుకుపోయాయి. ప్రిన్సిపాల్ గారు ఉరిమి చూసేసరికి, ‘‘సుజాత గారు వైరేదో కదిలించారండీ’’ అనేశాను.

‘‘హాజరు పట్టీ తప్ప నేనేం ముట్టుకోలేదండీ!’’ అని ల్యాబ్ అసిస్టెంట్ సుజాత గారు మొత్తుకున్నా, పిల్లల ముందే చీవాట్లు పడ్డాయి. పరీక్ష మళ్లీ పెట్టారు గానీ, ఆవిడకు ‘వైరు మేడం’ అన్న పేరు ఉండిపోయింది.

ఆ పేరు చెరపడానికే అందరూ చదివేలా పత్రికకు ఈ ఉత్తరం. సుజాత గారూ, ఆ రోజు కదిలింది వైరు కాదు, నా నాలుక.