దేవుడి తరఫు సాక్షి

దేవుడు లేడని వేదికలెక్కి వాదించిన నేను ఒక్కసారి మాత్రం దేవుడి తరఫున సాక్ష్యం చెప్పాను. అది బస్తర్ సంస్థానంలో, కొంటా దగ్గరి ఒక పల్లెలో బడిపంతులుగా ఉన్నప్పుడు.

అక్కడ దేవుడి మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. కొయ్య దేవుణ్ణి తాళ్లతో చింతచెట్టుకు కట్టేసి పంచాయతీ పెట్టారు. ఫిర్యాదు ముత్తమ్మది. వడ్లు తూర్పారబట్టడానికి కొన్ని రోజులుగా గాలి లేదు. వాన పడిందంటే ఆమె ఏడాది తిండి కళ్లంలోనే మొలకెత్తుతుంది.

"ఏటా తింటడు, గాలి మాత్రం పంపడు. ఏట్లో పారేద్దాం" అందామె.

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "పంతులూ, దేవుని దిక్కు మాట్లాడేటోళ్లు లేరు. నువ్వేమన్న చెప్తవా?"

నిజం చెప్పక తప్పలేదు. "ఎండకు ఊరి పక్క కొండ కాగితే దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ చోటికి మైదానం గాలి వస్తుంది. ఇన్నాళ్లూ మబ్బే కదా, కొండ కాగలేదు. ఇందులో దేవుడి తప్పేమీ లేదు" అన్నాను.

తీర్పు వాయిదా పడింది.

మర్నాడు మబ్బు విడిచింది. మధ్యాహ్నానికి గాలి లేచింది. ముత్తమ్మ చేటతో వడ్లు ఎత్తి పోస్తుంటే తాలు దూరంగా ఎగిరిపోయింది. దేవుడి కట్లు విప్పారు.

సాయంత్రం ఆమె మొక్కుకున్న కోడిని వండి మాకందరికీ వడ్డించింది. "దేవుడికి పెట్టవా?" అని అడిగాను.

"గాలి ఎండ పనని నువ్వే చెప్తివి గదయ్యా. పని చెయ్యనోనికి కూలెందుకు?"

నిర్దోషిగా తేలిన దేవుడు ఆ పూట పస్తున్నాడు.