ప్యాకెట్ మీది పసిపాప

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. పాలలో కలుపుకుని తాగే బలం పొడి వాళ్లది. జైనూర్ సంతలో చిన్న ప్యాకెట్లు ఉచితంగా పంచుతుంటే, నెలల పాపను ఎత్తుకుని ఒకామె వచ్చింది.

"అక్కా, నా పాలు సాల్తలేవు. గిది కలిపి పాపకు తాపుత," అంటూ ప్యాకెట్ మీది బొమ్మ చూపించింది. బొమ్మలో బొద్దుగా నవ్వుతున్న పసిపాప. పొడి మాత్రం బడికెళ్లే వయసు పిల్లలకు.

"వద్దు చెల్లె, గింత చిన్నపిల్లకు తాపొద్దు," అని ఆమెను ఆస్పత్రి నర్సు దగ్గరకు తీసుకెళ్లాను. నర్సు పాపను తూచి, బరువు బాగానే ఉందని, తల్లిపాలు సరిపోతున్నాయని చెప్పి, పాలిచ్చే తీరు నేర్పింది. ఆ తల్లి ముఖం తేటపడ్డాక నాకూ ఊపిరి ఆడింది.

పంచడం ఆపేశానని సాయంత్రం మేనేజరుకు ఫోన్ చేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన కారణం అడిగితే బొమ్మ సంగతి చెప్పాను.

"మంచిగ జేసినవ్ బిడ్డా. గా బొమ్మ మారేదాక పంచుడు బంద్ వెట్టు. పైవాళ్లతోని నేను మాట్లాడుత," అన్నారు.

నిజంగానే మాట్లాడారు. తర్వాత వచ్చిన ప్యాకెట్ల మీద రెండు జడల బడిపిల్ల ఉంది. వాటిని సంచిలో వేసుకుని, ఏ ఫికరూ లేకుండా పంచడానికి ఉట్నూర్ బస్సెక్కాను.