తోడల్లుళ్ళ మాత్రల మార్పిడి

దర్జీకీ, వాచీలు బాగుచేసే అతని తోడల్లుడికీ ఏనాడూ ఏ విషయంలోనూ పొసగలేదు. ఇద్దరికీ హెపటైటిస్ బి ఉందని తేలాక పోటీకి కొత్త సరుకు దొరికింది. కిడ్నీలు అంతంతమాత్రమని దర్జీకి ఎంటెకావిర్ రాశాడు డాక్టరు. లోగడ వాడిన మందుకి వైరస్ మొండికేసిందని తోడల్లుడికి టెనోఫోవిర్ రాశాడు. రెండూ వైరస్‌ని అణిచిపెట్టేవే, ఎవరిది వాళ్ళకే సరిపడేదని విడమరిచి చెప్పాడు కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఒక ఆదివారం ఈ మేధావులిద్దరూ కత్తిరింపు బల్ల మీద రెండు మాత్రలూ పక్కపక్కన పెట్టి టేపుతో కొలిచారు! దర్జీ భార్య కళ్ళారా చూసింది.

"నీది బొత్తామంత ఉందిరా. నాది నలుసంత. పైగా పరగడుపున మింగాలట," అని దర్జీ ఏడుపు.

"చిన్నదాంట్లోనే పస అన్నయ్యా. వాచీ నడిచేది చిన్న చక్రాలతోనేగా!"

"అయితే మార్చుకుందాం. ట్రయల్ చూస్తే తెలుస్తుంది."

"మీకేమైనా మతిపోయిందా?" అంది ఆవిడ. ఇద్దరూ నోరు మూసుకోమన్నారు. "అయితే మీ చావు మీరు చావండి," అని ఆవిడ వెళ్ళి కాజాలు కుట్టుకుంది. నెలనెలా ఎవరి మందు వాళ్ళు తెచ్చుకోవడం, బల్ల దగ్గర మార్చుకోవడం. చూసినప్పుడల్లా మూతి తిప్పుకునేది.

నాలుగు నెలలకి తోడల్లుడి కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో పడేశారు.

"టెనోఫోవిర్ రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాడు డాక్టరు.

"ఒక్కరోజు కూడా మానలేదండీ," అన్నాడా మహానుభావుడు. దర్జీ గోడకున్న క్యాలెండరుని శ్రద్ధగా చదువుతున్నాడు.

"అంటే అది పనిచేయడం లేదన్నమాట. మార్చాలి," అని డాక్టరు కలం తీశాడు.

దర్జీ భార్యకి ఒళ్ళు మండింది. ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ తెలివితక్కువతనం బయటపడకూడదు వీళ్ళకి! మంచం పక్కన ఆవిడ చెల్లెలు, పాపం, ఏమీ తెలియక మొగుడి పాదాలు రుద్దుతోంది.

"ఆగండి డాక్టరుగారూ! ఆ మందు నాలుగు నెలలుగా మా మరిది ముట్టుకోలేదు. మా ఆయనది ఇతను, ఇతనిది మా ఆయన మింగుతున్నారు."

డాక్టరు కలం ఆగింది. "ముందు ఈయన మందు ఈయనకి ఇవ్వండి," అని నర్సుకి చెప్పి, దర్జీ వైపు తిరిగి, "ఈయన మందు మీ కిడ్నీలకి చేటు. మీకు ఇప్పుడే కిడ్నీ పరీక్ష," అన్నాడు.

"పరువు తీశావు కదా వదినా," అని మూలిగాడు మరిది.

చెల్లెలు మాత్రం రుద్దడం ఆపి అక్కవైపు చూసింది.

"నాలుగు నెలలుగా తెలుసా అక్కా నీకు?" అంది.

ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరినీ చూసి మూతి తిప్పుకున్న ఆవిడ, మొగుడి పక్కనే నిలబడి గోడకున్న క్యాలెండరుని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.