గుట్ట మీది మొగిలి మామ అనుమానాలు

మా మొగిలి మామ ఎవరినీ నమ్మడు. పొద్దున్నే సూర్యుడు తూర్పున వచ్చినా, నిన్న కూడా అక్కడి నుంచే వచ్చాడా అని కాసేపు ఆలోచిస్తాడు.

మా గుట్టపల్లె ధర్మసాగర్ దాటాక గుట్ట మీద నలభై ఇళ్ల ఊరు. పైకి ఒకటే బాట. ఆ బాటన ఎవరొచ్చినా ముందు మామకు జవాబు చెప్పాలి. పదేళ్లుగా ఉత్తరాలు తెస్తున్న పోస్ట్‌మ్యాన్ వెంకట్రాజాన్ని కూడా రోజూ ఆపేవాడు.

"ఎవలు నువ్వు?"

"నేనే మొగిలన్నా, వెంకట్రాజాన్ని."

"నిన్న గూడ గదే జెప్పినవ్!"

కూరలో ఉప్పు ఎక్కువైతే కావాలనే వేశారని అనుమానం. తక్కువైతే, మిగిలిన ఉప్పు ఎక్కడ దాచారని అనుమానం. ఆయన భార్య చిలుకమ్మత్త నవ్వుతూ చెప్పేది: "పెండ్లిచూపులల్ల పేరడిగిండు బిడ్డా. చిలుకమ్మ అన్న. సాక్ష్యం ఎవలున్నరన్నడు!"

1979లో మా కాలేజీ లెక్చరర్ కిషన్ రావు సారు పల్లెల చరిత్ర రాస్తానని నాతోపాటు గుట్టెక్కారు. జనం కింద పొలాలు పెట్టుకుని ఇంత ఎత్తున ఎందుకు కాపురమున్నారో ఆయనకు తెలుసుకోవాలని ఉంది. బాట మీదే మామ అడ్డం తగిలాడు.

"మా ఊరి సంగతి నీకెందుకు?"

"పుస్తకంల రాద్దామని."

"రాస్తే?"

"నలుగురు చదువుతరు."

"చదివితే?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగారు. మామ నా చెవిలో అన్నాడు: "సూసినవా అల్లుడా, సప్పుడు జేస్తలేడు. భూములు గుంజుకునేటోడే!"

ఊరికల్లా పెద్దది భద్రమ్మవ్వ. పాత సంగతులన్నీ ఆమెకే తెలుసు. మామ ఆమె గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు. మా ఇంట్లో దిగిన సారు ఎప్పుడొచ్చినా, "అవ్వ పండుకున్నది" అనేవాడు.

"మెలకువనే ఉన్నరా!" అని లోపలి నుంచి అవ్వ అరిచేది.

"నిద్రల మాట్లాడుతాంది" అనేవాడు మామ.

మూడు రోజులు ఇలాగే గడిచాయి. నాలుగో రోజు సారుకు విపరీతమైన జ్వరం వచ్చి మాట తడబడసాగింది. "గిదంత యాక్టింగ్" అంటూ మామ వచ్చి నుదుటి మీద చేయి పెట్టాడు. నమ్మకం కుదరక రెండో చేయి కూడా పెట్టాడు. మరో మాట లేకుండా సారును వీపున వేసుకుని, మండుటెండలో గుట్ట దిగాడు. రోడ్డు మీద లారీకి అడ్డంగా నిలబడి ఆపి, హనుమకొండ దవాఖానకు చేర్చాడు.

"ఆ సూదిల ఏమున్నది?" అని డాక్టర్ను నిలదీశాడు.

"మందు."

"ముందుగాల నాకు పొడువుండ్రి. సూస్త."

నాలుగు రోజులు మామ సారు మంచం పక్క నుంచి కదల్లేదు. బత్తాయి ఒలిచి, ఒక తొన తాను తిని, ఏమీ కాలేదని తేలాకే మిగిలినవి సారుకు పెట్టేవాడు.

"నేనుంట గదా, ఇంటికి పో మామా" అన్నాను.

"నేను పోతె ఈయన నోటుబుక్కు వట్టుకొని పారిపోతడు."

నోటుబుక్కు గుట్ట మీద మా ఇంట్లోనే ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నెల తిరిగాక సారు మళ్లీ గుట్టెక్కారు. మామ "ఎవలు నువ్వు?" అని అడగడం మానలేదు గానీ, భద్రమ్మవ్వ గుమ్మం ముందు నుంచి మంచం మాత్రం పక్కకు లాగాడు. అవ్వ సారును కూర్చోబెట్టి చెప్పింది.

"ముప్పై ఏండ్ల కింద, పోలీస్ యాక్షన్‌కు ముందుగాల, మేం కిందనే ఉంటుంటిమి. దొర మనుషులు ఇండ్లు కాలవెడితే పానాలు దక్కిచ్చుకొని ఈడికొచ్చినం. గీ మొగిలిగానికి అప్పుడు ఇరవై ఏండ్లు. బాట కాడ కావలి వెట్టినం. ఎవలొచ్చినా ఆపు, అడుగు, అనుమానమొస్తె కేకెయ్యి అన్నం. రెండుసార్లు వీని కేకకే పిల్లల నెత్తుకొని అడివిలకురికి బతికినం."

"తర్వాత?"

"గా కాలం వోయింది. ఎవలి పనులల్ల వాళ్లం వడ్డం." అవ్వ నాలుక కరుచుకుంది. "ఇగ కావలి సాలురా అని వీనికి జెప్పుడే మర్సిపోయినం!"

సారు నోటుబుక్కు మూశారు. లేచి బయటికొచ్చి, మామ రెండు చేతులూ పట్టుకున్నారు.

"మొగిలన్నా, ఆ రోజులు పోయినయి. ఇగ ఎవరూ రారు. మీరు నిమ్మళంగ ఉండొచ్చు."

మామ ఆయన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"రారని నీకెవలు జెప్పిండ్రు?"