సంఘపెద్ద చూసిన యుద్ధం సినిమా

మా దీవిలోని మిన్నీ బేలో మా తెలుగు చర్చి సంఘపెద్ద, ప్రార్థన కూడిక ఎవరింట్లో జరిగినా చివర్లో "ఇంకెవరి కోసం ప్రార్థించాలమ్మా?" అని అడిగేవారు. ఎవరూ పలక్కపోతే శత్రువుల కోసం ప్రార్థించేవారు.

ఆ ఆదివారం కూడిక మా ఇంట్లో. ముందుగా టీ తాగుతుంటే టీవీలో పాత యుద్ధం సినిమా వస్తోంది. మన సైనికులు శత్రువుల వెనక్కి చేరి, కాపలావాడి నోరు మూసి పొడిచేశారు.

"ఖతం. చూశారా పెద్దయ్యా, చప్పుడే లేదు," అని మా తమ్ముడు నవ్వాడు.

"బంద్ చెయ్యి బాబూ. మావాడూ కాపలాలోనే పోయాడు, అలాగే."

ఆయన కొడుకు సరిహద్దులో చనిపోయాడని మాకు తెలుసు. ఎలాగన్నది ఆయన ఎన్నడూ చెప్పలేదు.

టీవీ కట్టేశాం. ఆయన ప్రార్థనకు లేచారు. "శత్రువుల్ని ప్రేమించమన్నావు తండ్రీ. మావాణ్ణి చంపినవాడు ఎక్కడున్నా, వాణ్ణి..." అని ఆగిపోయారు. ఆయన మెల్లగా కూర్చున్నారు.

"మిగతాది మీరు చెయ్యండమ్మా. నావల్ల కావట్లేదు."

ఆయన మొన్న ప్రభువునందు నిద్రించారు. ఆ మిగతా ప్రార్థన ఆ ఆదివారం నుంచీ ప్రతి కూడికలోనూ మేమే చేస్తున్నాం. మాకు తడబాటు రాదు. పోయినవాడు మా కొడుకు కాదు.